గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తుండగా ఇండియా వెళ్లొస్తే ఏమవుతుంది?

అమెరికాలో పెళ్లి ఆధారంగా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టినవాళ్లకు కొన్ని నెలల్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. ఊళ్లో చెల్లెలి పెళ్లి కుదురుతుంది, లేదా నాన్నకు ఆపరేషన్ అంటారు. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు "మేం వెళ్లొచ్చాం, ఏమీ కాలేదు" అంటారు. ఇంకొకరు "దేశం దాటితే ఫైలు పోయినట్టే" అంటారు. ఇద్దరూ తమకు జరిగిందే చెబుతుంటారు, కాకపోతే ఇద్దరి కేసులూ ఒకటి కావు.

2025 చివర్లో ఈ గందరగోళం ఇంకా ముదిరింది. ఆ ఏడాది సెప్టెంబర్ 2 నుంచి డ్రాప్‌బాక్స్ సౌకర్యం, అంటే ఇంటర్వ్యూ లేకుండా వీసా తీసుకునే వీలు, చాలామందికి లేకుండా పోయింది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల భార్యాభర్తలు, పిల్లల వీసా) దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను పరిశీలించడం మొదలుపెట్టారు. దాంతో ఇండియాలో స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా వేయించుకునే అపాయింట్‌మెంట్లు చాలావరకు నెలల తరబడి వెనక్కి జరిగాయి. సెలవు మీద వచ్చినవాళ్లు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లాప్‌టాప్ ముందేసుకుని ఇరుక్కుపోయారు. అది స్టాంపింగ్ సమస్యే. కానీ గ్రీన్‌కార్డు ఫైలు కూడా నడుస్తున్నవాళ్లకు దాంతోపాటు ఇంకో చిక్కుముడి కూడా పడుతుంది.

పెండింగ్‌లో ఉన్నది ఏ ఫారం?

"గ్రీన్‌కార్డు పెండింగ్‌లో ఉంది" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో రెండు వేర్వేరు దరఖాస్తులు ఉంటాయి. మొదటిది ఐ-130. దీన్ని వేసేది అమెరికా పౌరుడు లేదా అప్పటికే గ్రీన్‌కార్డు ఉన్న వ్యక్తి. ఈమె నా భార్య, మా పెళ్లి నిజమైనదే అని ప్రభుత్వానికి చూపించుకునే పిటిషన్ అది. రెండోది ఐ-485. దీన్ని వేసేది కార్డు కావలసిన భాగస్వామి. నేను ఇప్పటికే అమెరికాలో ఉన్నాను, ఇక్కడి నుంచే నన్ను శాశ్వత నివాసిగా మార్చండి అని అడగడమన్నమాట. దీన్నే అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్ అంటారు.

ప్రయాణం వల్ల దెబ్బతినేది ఈ రెండోదే. ఐ-130 ఒక్కటే పెండింగ్‌లో ఉంటే, అవతలి మనిషి ఏ దేశంలో ఉన్నా ఆ పిటిషన్‌కు ఏమీ కాదు. భార్య గుంటూరులో, భర్త చికాగోలో ఉన్న కేసులు ఇలాగే నడుస్తాయి. పిటిషన్ ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు, అక్కడి నుంచి కాన్సులేట్‌కు వెళ్తుంది. ఇండియాలో వలస వీసా ఇంటర్వ్యూలు ఎక్కువగా ముంబైలోనే జరుగుతాయి. ఈలోగా ఆమె దుబాయ్ వెళ్లొచ్చినా, సింగపూర్ వెళ్లొచ్చినా ఫైలుకు సంబంధం లేదు. అమెరికాకే విజిటర్ వీసా మీద వద్దామనుకుంటేనే తంటా. అక్కడే స్థిరపడే ఉద్దేశంతో పిటిషన్ వేయించుకుని, చూసి వెళ్లిపోతానంటే వీసా ఆఫీసర్ నమ్మడం కష్టం. వీసా ఇవ్వకూడదని రూలేమీ లేదు, కానీ తిరిగి వెళ్తారని నిరూపించుకునే భారం దరఖాస్తుదారు మీదే ఉంటుంది.

భర్త పౌరుడు కాకుండా గ్రీన్‌కార్డుదారు అయితే మరో మెలిక ఉంది. ఈ కేసులు ఎఫ్2ఏ అనే వరుస కట్టే కేటగిరీలోకి వస్తాయి. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో తమ తేదీ వచ్చేదాకా ఐ-485 వేయడానికే వీలుండదు. అంతవరకు ఐ-130 మాత్రమే పెండింగ్ కాబట్టి, ప్రయాణమంతా ఆమె చేతిలో ఉన్న వీసా మీద ఆధారపడి ఉంటుంది. హెచ్-1బి ఉంటే దాదాపు ఇబ్బంది లేదు, ఎందుకంటే వలస ఉద్దేశం ఉన్నా ఆ వీసా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు ఆ వెసులుబాటు లేదు.

దేశం దాటితే ఐ-485 ఎందుకు పోతుంది?

అమెరికా నిబంధన సూటిగానే ఉంది. ఐ-485 పెండింగ్‌లో ఉండగా ముందస్తు అనుమతి లేకుండా దేశం విడిచి వెళ్తే, ఆ దరఖాస్తును వదులుకున్నట్టు లెక్క. నోటీసు ఇచ్చి వివరణ అడగడం లాంటిదేమీ ఉండదు. విమానం ఎక్కడంతోనే అది జరిగిపోతుంది. పెట్టిన ఫీజు వెనక్కి రాదు.

దీని వెనక తర్కం ఒకటుంది. అడ్జస్ట్‌మెంట్ అనేది దేశం లోపల ఉన్నవాళ్ల కోసం పెట్టిన దారి. బయట ఉన్నవాళ్లకు కాన్సులేట్ దారి ఎలాగూ ఉంది. లోపల ఉన్నానని చెప్పి దరఖాస్తు పెట్టినవాళ్లు బయటికి వెళ్లిపోతే ఆ దరఖాస్తుకు ఆధారమే ఉండదన్నది ప్రభుత్వ వాదన. విమర్శించేవాళ్లు ఇంకోలా అంటారు: ఫైలు తేలడానికి ఏడాదో అంతకంటే ఎక్కువో పట్టే రోజుల్లో, తల్లిదండ్రులు ఇంకో ఖండంలో ఉన్న మనిషిని అంతకాలం కదలొద్దనడం న్యాయం కాదు. ప్రభుత్వ వాదనలో తర్కం ఉంది గానీ, ఆలస్యానికి కారణం దరఖాస్తుదారు కానప్పుడు దాని బరువు మొత్తం అతని మీదే పడుతోందన్నదీ నిజమే. ఈ రెంటికీ మధ్య రాజీగా పుట్టిందే అడ్వాన్స్ పెరోల్.

అడ్వాన్స్ పెరోల్ ఏమిస్తుంది, ఏమివ్వదు

ఐ-131 ఫారం వేసి తెచ్చుకునే ప్రయాణ పత్రం ఇది. చేతిలో ఉంటే ఐ-485 పోకుండా బయటికి వెళ్లి, అమెరికా వీసా స్టాంపు లేకుండానే తిరిగి రావచ్చు. అంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడాల్సిన పనే లేదు. 2025 చివరి పరిస్థితిలో ఇదే దాని పెద్ద విలువ అయిపోయింది.

ఇంతకుముందు ఐ-485కి కట్టే 1,225 డాలర్లలోనే దీని ఫీజూ, పని అనుమతి ఫీజూ కలిసి ఉండేవి. 2024 ఏప్రిల్ 1 నుంచి వేరు చేశారు. ఐ-485కి 1,440 డాలర్లు, ఐ-131కి విడిగా 630, పని అనుమతికి 260. అందుకే ఈ మధ్య చాలామంది ఇప్పుడెక్కడికీ వెళ్లం కదా అని ఐ-131 మానేస్తున్నారు. తర్వాత ఇంట్లో ఏదో జరిగినప్పుడు చేతిలో పత్రం ఉండదు. ఆ 630 డాలర్లను ఖర్చుగా కాక బీమాగా చూసేవాళ్లు ఉన్నారు, వాళ్ల లెక్క తప్పనలేం.

2025లో వచ్చిన కొత్త చట్టం పెరోల్ మీద 1,000 డాలర్ల ఫీజు పెట్టింది. ఆ వార్త చూసి భయపడ్డవాళ్లు చాలామంది. అయితే ఐ-485 పెండింగ్‌లో ఉండి, తాత్కాలిక ప్రయాణం ముగించుకుని తిరిగి వచ్చేవాళ్లకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఇక ఇది ఇవ్వనిది. పెరోల్ పత్రం ప్రవేశానికి గ్యారంటీ కాదు. విమానాశ్రయంలో కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ అధికారిదే తుది నిర్ణయం. చాలామందిని సెకండరీ ఇన్‌స్పెక్షన్ గదికి పంపుతారు. అది సాధారణంగా జరిగేదే, టెన్షన్ పడాల్సిందేమీ కాదు గానీ కనెక్టింగ్ ఫ్లైటుకు తగినంత సమయం పెట్టుకోకపోతే ఇబ్బందే. దారిలో విమానం మారే దేశం సంగతి కూడా ఉంది. కొన్ని దేశాలు చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు ట్రాన్సిట్ వీసా అడగవు. పెరోల్ పత్రాన్ని అవి వీసాతో సమానంగా చూడకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, పత్రం చేతికి వచ్చాకే బయల్దేరాలి. ఐ-131 పెండింగ్‌లో ఉండగా వెళ్తే ఆ ఐ-131ని కూడా వదులుకున్నట్టే తీసుకుంటారు. రసీదు నోటీసు చూపిస్తే సరిపోతుందని గ్రూపుల్లో తరచూ కనిపిస్తుంది. సరిపోదు.

హెచ్, ఎల్ వీసాలవాళ్లకు వేరే దారి

మనవాళ్లలో ఎక్కువమంది ఉండేది ఇక్కడే. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 (అదే కంపెనీ విదేశీ శాఖ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లది), ఎల్-2 (వాళ్ల కుటుంబానిది) స్టేటస్‌లో, అంటే ఆ హోదా మీద దేశంలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ పెరోల్ లేకుండా వెళ్లొచ్చినా ఐ-485 పోదు. షరతులున్నాయి. తిరిగొచ్చేటప్పుడు ఆ కేటగిరీలో చెల్లుబాటయ్యే వీసా ఉండాలి, ఆ స్టేటస్‌కు ఇంకా అర్హత ఉండాలి, హెచ్-1బి, ఎల్-1 అయితే అదే కంపెనీలో పని కొనసాగించడానికి వస్తుండాలి. డిపోర్టేషన్ కేసు నడుస్తున్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఎఫ్-1, జె-1, ఓ-1, టీఎన్ లాంటి స్టేటస్‌ల వాళ్లకు కూడా లేదు.

ఇక్కడో తిరకాసు. ఐ-485తోపాటు వచ్చే పని అనుమతి కార్డు, అంటే ఈఏడీ, వాడి వేరే ఉద్యోగంలో చేరిన క్షణం హెచ్-1బి స్టేటస్ పోతుంది. పాస్‌పోర్టులో హెచ్-1బి స్టాంపు 2027 దాకా ఉండొచ్చు. కానీ ఆ స్టేటస్‌కు అర్హతే లేనప్పుడు ఆ స్టాంపుతో రాలేరు. అప్పుడు పెరోల్ ఒక్కటే దారి.

మరి రెండూ ఉన్నవాళ్లు దేనిమీద రావాలి? ఇక్కడ ఇమిగ్రేషన్ లాయర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. హెచ్-1బి మీదే రమ్మనేవాళ్లు చెప్పేది ఇది: ఐ-485 ఏ కారణంతోనైనా తిరస్కరణకు గురైతే హెచ్-1బి స్టేటస్ కాళ్ల కింద నేలలా నిలుస్తుంది. పెరోల్ మీద వచ్చినవాళ్లకు సొంత స్టేటస్ ఉండదు. పైగా ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2025 ఫిబ్రవరి 28న ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, తిరస్కరణ తర్వాత చట్టబద్ధ స్టేటస్ లేనివాళ్లకు డిపోర్టేషన్ ప్రక్రియ మొదలుపెట్టే నోటీసు ఇస్తారు. ఈ వాదనకు ఇప్పుడు ఇదివరకటికంటే బలం పెరిగింది.

పెరోలే నయమనేవాళ్లు స్టాంపింగ్ వైపు చూపిస్తారు. స్టాంపు గడువు ముగిసినవాళ్లు హెచ్-1బి మీద రావాలంటే కాన్సులేట్ గడప తొక్కాలి, ఎప్పుడు తేలుతుందో చెప్పలేం. 2025 సెప్టెంబర్ నుంచి వీసాకు సొంత దేశంలోనో నివసించే దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలన్నారు కాబట్టి మెక్సికో, కెనడాల్లో స్టాంపింగ్ కొట్టించుకునే పాత ఉపాయమూ దాదాపు మూసుకుపోయింది. పౌరులను పెళ్లి చేసుకున్న నిజమైన కేసుల్లో తిరస్కరణ భయం తక్కువ, స్టాంపింగ్ ఆలస్యం మాత్రం కళ్లముందు ఉన్నదే అన్నది వీళ్ల లెక్క. పైగా 2000లో, యూఎస్‌సీఐఎస్‌కు ముందున్న ఐఎన్‌ఎస్ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, పెరోల్ మీద వచ్చిన హెచ్-1బి ఉద్యోగి అదే కంపెనీలో పని కొనసాగించవచ్చు, తర్వాత ఎక్స్‌టెన్షన్ ఆమోదం పొందితే మళ్లీ హెచ్-1బి స్టేటస్‌లోకి రావచ్చు. కాబట్టి నేల పూర్తిగా జారిపోదు.

స్టాంపు ఇంకా చెల్లుతుంటే మొదటి వాదనే సబబుగా తోస్తుంది. స్టాంపు ముగిసిపోయి ఉంటే రెండోదాన్ని తోసిపుచ్చడం కష్టం.

మూడు కేసులు వేసి చూద్దాం

వరంగల్ అమ్మాయి, డాలస్‌లో ఎంఎస్ ముగించి ఎఫ్-1 ఓపీటీలో, అంటే చదువయ్యాక కొంతకాలం ఇచ్చే పని అనుమతి మీద, పనిచేస్తోంది. అమెరికా పౌరుణ్ని పెళ్లి చేసుకుని ఐ-130, ఐ-485 కలిపి వేశారు. ఐ-131 వేయలేదు. పాస్‌పోర్టులో ఎఫ్-1 వీసా ఇంకా ఏడాది ఉంది కదా అని పండగకు ఊరెళ్తే, ఐ-485 అక్కడితో ఆగిపోతుంది. ఎఫ్-1 మీద తిరిగి రావడమూ అనుమానమే, స్థిరపడే ఉద్దేశం ఐ-485 రూపంలో రికార్డులో ఉంది. ఐ-130 మాత్రం బతికే ఉంటుంది కాబట్టి, ఇక కాన్సులేట్ దారిలో నేషనల్ వీసా సెంటర్ మీదుగా రావాలి. అన్నాళ్లూ భార్య ఇండియాలో, భర్త అమెరికాలో.

నెల్లూరు అబ్బాయి, న్యూజెర్సీలో హెచ్-1బి. భార్య పౌరురాలు. ఐ-485తోపాటు ఐ-131 కూడా వేశారు, పెరోల్ ఇంకా రాలేదు. తల్లికి గుండెపోటు అని ఫోన్ వచ్చింది. స్టాంపు చెల్లుతోంది, అదే కంపెనీలో ఉన్నాడు. అతను వెళ్లొచ్చు. పెండింగ్‌లో ఉన్న ఐ-131 పోతుంది, ఐ-485 ఉంటుంది. కావాలంటే తిరిగొచ్చాక ఐ-131 మళ్లీ వేసుకోవాలి.

ఇదే అబ్బాయి ఆర్నెల్ల కింద ఈఏడీతో ఇంకో కంపెనీకి మారి ఉంటే? స్టాంపు చెల్లుతున్నట్టే కనిపిస్తుంది, వెళ్తే ఐ-485 పోతుంది. పాస్‌పోర్టు చూసి ఈ తేడా కనిపెట్టలేం.

అత్యవసరమైతే

మనిషి పోయాడని కబురు వస్తే పదకొండో రోజు లోపలైనా చేరాలనుకుంటాం. ఐ-131 మామూలుగా నెలలు పడుతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, పెండింగ్‌లో ఉన్న ఐ-131ని త్వరగా చూడమని ఎక్స్‌పెడైట్ అభ్యర్థన. రెండోది, మరీ తక్షణ అవసరమైతే యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కు ఫోన్ చేసి, స్థానిక ఫీల్డ్ ఆఫీసులో ఎమర్జెన్సీ అడ్వాన్స్ పెరోల్ కోసం అపాయింట్‌మెంట్ అడగడం. మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి లేఖ లాంటివి వెంట ఉండాలి. తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆఫీసు విచక్షణ.

కుటుంబంలో మరణం, తీవ్ర అనారోగ్యం బలమైన కారణాలు. ముందే కుదిరిన కార్యక్రమాలను కూడా పరిశీలిస్తారు, కాకపోతే సకాలంలో దరఖాస్తు పెట్టినా ప్రాసెసింగ్ ఆలస్యం వల్ల పత్రం రాలేదని చూపించాలి. విహారయాత్రకు మాత్రం సాధారణంగా ఒప్పుకోరు.

గడువు దాటి ఉండిపోయినవాళ్ల సంగతి

పౌరులను పెళ్లి చేసుకున్నవాళ్లకు చట్టం ఒక పెద్ద మినహాయింపు ఇచ్చింది. వీసా మీద సక్రమంగా ప్రవేశించి ఉంటే, తర్వాత గడువు దాటి ఉండిపోయినా లోపలి నుంచే ఐ-485 వేసుకోవచ్చు. గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలకు ఈ క్షమాపణ లేదు.

కానీ ఇలాంటివాళ్లు దేశం దాటితే ఇంకో చట్టం అడ్డుపడుతుంది. అక్రమంగా 180 రోజులు దాటి ఏడాది లోపు ఉండి వెళ్తే మూడేళ్లు, ఏడాది లేదా ఆపైన ఉండి వెళ్తే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం. పెరోల్ తీసుకుని వెళ్లినా ఈ నిషేధం అంటుకుంటుందనే భయం చాలాకాలం ఉంది. దాన్ని తొలగించింది 2012లో బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ ఇచ్చిన తీర్పు. దానిపేరే అర్రబల్లి, ఎర్రబెల్లి కేసు. పేర్లు చూస్తేనే మన ప్రాంతపు గాలి తగులుతుంది. భారత్‌కు చెందిన ఆ దంపతులు అడ్వాన్స్ పెరోల్ మీద ఇండియా వెళ్లొచ్చారు. ఆ ప్రయాణాల వల్ల పదేళ్ల నిషేధం పడిందని ప్రభుత్వం వాదించింది. ముందస్తు అనుమతితో తాత్కాలికంగా వెళ్లి రావడం ఆ నిషేధానికి కారణమయ్యే నిష్క్రమణ కిందికి రాదని బోర్డు తేల్చింది. ఇవాళ ఏ దేశం నుంచి వచ్చిన దరఖాస్తుదారుకైనా లాయర్లు ఎత్తి చూపే తీర్పు ఇది.

అయినా జాగ్రత్తపరులైన లాయర్లు ఇలాంటివాళ్లను కదలొద్దనే అంటారు. వాళ్లు చెప్పే కారణాలు తేలిగ్గా తీసేయలేనివి. ఇది బోర్డు తీర్పు, అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం లాంటిది కాదు. అటార్నీ జనరల్ తలుచుకుంటే మార్చగలరు. పాత డిపోర్టేషన్ ఆర్డర్ ఉన్నవాళ్లు వెళ్తే ఆ ఆర్డర్ అమలైపోయినట్టే, దాన్ని పెరోల్ ఆపలేదు. ప్రవేశంలో అబద్ధం చెప్పిన చరిత్ర ఉంటే ఈ తీర్పు దానికి మందు కాదు. 2025 నవంబరులో శాన్ డియాగోలో గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకు వచ్చిన కొందరు ఓవర్‌స్టే భార్యాభర్తలను అక్కడికక్కడే అదుపులోకి తీసుకున్నారన్న వార్తల తర్వాత ఈ జాగ్రత్త ఇంకా పెరిగింది. మరోవైపు, తీర్పు వచ్చి పదేళ్లు దాటినా అలాగే నిలిచింది, ఎందరో దాన్ని నమ్ముకుని వెళ్లొచ్చారన్నదీ అంతే నిజం.

మనం అక్కడ, ఫైలు ఇక్కడ

ఊళ్లో ఉండగా బయోమెట్రిక్స్ నోటీసో ఇంటర్వ్యూ నోటీసో రావచ్చు. చెప్పకుండా గైర్హాజరైతే దరఖాస్తు వదులుకున్నట్టు తీసుకోవచ్చు. తేదీ మార్చమని ముందే అడగాలి. ఇంట్లో ఉత్తరాలు చూసేవాళ్లు, ఆన్‌లైన్ ఖాతా చూసేవాళ్లు ఒకరుండాలి. బయట ఉండగా ఐ-485 తిరస్కరిస్తే దాని మీద ఆధారపడ్డ పెరోల్ కూడా చెల్లదు. చెల్లే హెచ్ లేదా ఎల్ వీసా ఉన్నవాళ్లకు మాత్రం అప్పుడు ఇంకో తలుపు ఉంటుంది.

పక్క దేశాల అనుభవాలను ఇక్కడ అతికించుకోవద్దు. కెనడాలో దేశం లోపలి నుంచి భార్యాభర్తల స్పాన్సర్‌షిప్ వేసినవాళ్లు బయటికి వెళ్తే ఫైలు దానంతటదే మూతపడదు. కానీ వీసా కావలసిన దేశాలవాళ్లను తిరిగి రానిస్తారన్న హామీ లేదు, రాలేకపోతే ఆ కేటగిరీకే అర్హత పోతుంది. ఆస్ట్రేలియాలో పార్ట్‌నర్ వీసా కోసం ఎదురుచూస్తూ బ్రిడ్జింగ్ వీసా ఏ మీద ఉన్నవాళ్లు వెళ్తే ఆ బ్రిడ్జింగ్ వీసా రద్దయిపోతుంది, అందుకే వెళ్లేముందు బ్రిడ్జింగ్ వీసా బీ తీసుకుంటారు. మెల్‌బోర్న్ బావగారి సలహా న్యూజెర్సీలో పనికిరాదు.

కార్డు వచ్చాక ఈ గొడవ చాలావరకు ముగుస్తుంది గానీ పూర్తిగా కాదు. కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. దాని గడువు ముగిసేలోపు భార్యాభర్తలు కలిసి ఐ-751 వేయాలి. అదీ నెలల తరబడి పెండింగ్‌లో ఉంటుంది. ఆ పెండింగ్ మాత్రం ఐ-485 లాంటిది కాదు. 2023 జనవరి నుంచి ఐ-751 రసీదు నోటీసు కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తోంది. గడువు ముగిసిన కార్డు, ఆ నోటీసు రెండూ వెంట పెట్టుకుని వెళ్లి రావచ్చు, పెరోల్ అక్కర్లేదు. శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర గడువు ముగిసిన కార్డు చూసి సిబ్బంది ఆపితే చూపించాల్సింది ఆ నోటీసు ఒరిజినలే. దాన్ని సూట్‌కేసులో కాక చేతి సంచిలో పెట్టుకోవాలి.